మూడు రోజులు దేవుడైన తాపీ

నేను ఒక తాపీని. గోడలకు సిమెంటు పూసే పనిముట్టుని. పార్వతీపురంలో ఒక కమ్మరి పాత లారీ కమాను ముక్కను కాల్చి, సాగగొట్టి, తుమ్మకర్ర పిడి తొడిగి నన్ను చేశాడు. మా జాతిలో గోడలు పూసినవాళ్ళు లెక్కలేనంతమంది. గోడలో కూర్చుని పూజలందుకున్నది మాత్రం నేనొక్కదాన్నే అనుకుంటాను.

నన్ను కొన్నది గంగులు మేస్త్రీ. కూతురి పెళ్ళిలో అల్లుడు గౌరునాయుడి చేతిలో పెట్టాడు. ఉంగరం పెడతాడనుకున్నానని అల్లుడు ఇప్పటికీ గొణుగుతాడు గాని, నన్ను ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఏటా దసరాకు అమ్మవారి ముందు నాకు బొట్టు పెట్టందే అతని ఇంట్లో పొయ్యి వెలగదు.

అతనూ, వరసకు బావ అయ్యే సింహాద్రీ ఇరవై ఏళ్ళుగా ఒకే పరంజా మీద నిలబడి పనిచేస్తున్నారు. బయటి గోడ పూసేటప్పుడు పరంజా కర్రలు దూర్చడానికి గోడలో బెజ్జాలు వదులుతారు. పైనుంచి పూసుకుంటూ దిగి, కర్ర లాగేసి, ఆ బెజ్జాన్ని ఇటుకముక్కతో మూసేస్తారు. దసరాకు వారం ముందు వరహాలమ్మగారి కొత్త ఇంటి గోడకు ఛాతీ ఎత్తున ఒక్క బెజ్జమే మిగిలింది. టీ వచ్చింది. గౌరునాయుడు నన్ను ఆ బెజ్జంలో పెట్టాడు. టీలో అల్లం ఎక్కువైందని ఒకడు, చాలలేదని ఒకడు. ఆ వాదనలోనే గౌరునాయుడు చూడకుండా ఇటుకముక్క దోపాడు, చేత్తో సిమెంటు మెత్తాడు. నున్నగా చేయడానికి చెయ్యి చాచాడు.

"నా తాపీ ఏది? సర్లే, నీదియ్యి బావా."

అలా సింహాద్రి తాపీతో నన్ను సమాధి చేశాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి.

సాయంత్రానికి నా కోసం వెతుకులాట మొదలైంది.

"నీ కన్ను ఎప్పుడూ దాని మీదే. నువ్వే తీసేవు," అన్నాడు గౌరునాయుడు.

"నీ మామ ఇచ్చిన తుప్పు ముక్క నాకెందుకురా? ఇంక నీతో పరంజా ఎక్కితే ఒట్టు!"

సింహాద్రి వెళ్ళిపోయాడు. గోడలోంచి నేను అరిచి చెప్పేదెలా? తాపీకి నోరు లేదు కదా.

గోడ గట్టిపడాలని వరహాలమ్మగారు రోజూ నీళ్ళు కొట్టించారు. నా కర్రపిడి తడిసి ఉబ్బింది. గోడ బుడిపెలా లేచి చుట్టూ పగిలింది. ఆవిడ చేతులు జోడించారు. "స్వామి వెలిశాడు!" పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. మూడు రోజులు వీధంతా నా చుట్టూ ప్రదక్షిణం చేద్దామని వచ్చి, గోడ కావడంతో కుదరక నా ముందే గిరగిరా తిరిగింది. ఒకాయన పరీక్ష పాసు చేయించమని మొక్కుకున్నాడు. నాకు సిమెంటు పాళ్ళు తప్ప ఏమీ తెలియదు.

దసరా రోజు పొద్దున్నే గౌరునాయుణ్ణి పిలిపించారు, స్వామికి చిన్న గూడు కట్టమని. చుట్టూ జనం. అందులో సింహాద్రి, మొహం పక్కకు తిప్పుకుని. గౌరునాయుడు అలవాటుగా బుడిపె మీద వేలితో కొట్టాడు. గుల్ల చప్పుడు. మళ్ళీ కొట్టాడు. టీ తాగుతూ నన్ను పెట్టిన బెజ్జం అదేనని అతనికి గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే గూడు కట్టి, దండం పెట్టించుకుని పోవచ్చు. సింహాద్రి మాత్రం దొంగగానే మిగిలిపోతాడు.

గూటికి తెచ్చిన ఇటుక కింద పెట్టేశాడు.

"అమ్మా, ఇది దేవుడు కాదు. నా తాపీ. నానే లోపలెట్టి మూసేను," అని సింహాద్రి వైపు తిరిగాడు. "బావా, తప్పు నాది. పగలగొట్టాలి, నీ తాపీ ఇయ్యి."

సింహాద్రి ఇచ్చాడు. "దీన్నయినా గోడలో ఎట్టకు. ఊళ్ళో ఇద్దరు దేవుళ్ళయిపోతారు."

జనం పగలబడి నవ్వారు. ఇటుకముక్క ఊడింది. పసుపు పూసుకుని నేను బయటికొచ్చాను. గోడలో ఉన్నప్పుడు పదకొండు కొబ్బరికాయలు కొట్టారు. బయటికొచ్చాక ఒక్క అరటిపండు పెట్టారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ బెజ్జం మూసేముందు లోపల చెయ్యి పెట్టి తడుముతారు. వరహాలమ్మగారు ఇప్పటికీ ఆ అతుకు మీద బొట్టు పెడుతున్నారు. అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు, లోపల ఉండి వచ్చినదాన్ని. కానీ ఆ పొద్దున అంతమందిలో గౌరునాయుడి చేత నిజం చెప్పించింది ఎవరు? నేను కాదు. నాకు నోరు లేదని ముందే చెప్పాను.