మేడ మీద మందు

ఆ వంటింట్లో గరిటెకి రెండు పనులు. ఒకటి కూర కలపడం. రెండో పని గుర్తులు అక్క మోచేతుల మీద ఉండేవి. ఎవరైనా అడిగితే అక్క దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. "మా ఆయన మందు కొట్టి ఉన్నాడు, పాపం. తాగకపోతే బంగారం." ఆ పాపం అన్న మాట వింటే పిట్టకి ఒళ్లు మండిపోయేది. దెబ్బలు తిన్న మనిషి కొట్టినవాడి మీద జాలిపడడమేమిటో!

పిట్ట అంటే అక్క చెల్లెలు. గుప్పెడు తిని గంపెడు పని చేస్తుందని బావ పెట్టిన పేరు అది. హోటల్ బావది, వంట అక్కది. మేడ మీద పాత పెయింటు డబ్బాల్లో నస్టర్షియం పూలు పెంచేది పిట్ట. ఎర్రవీ నారింజవీ, తినే పూలు. కొరికితే ముందు తియ్యగా ఉంటాయి, ఆ వెంటనే మిరియం నమిలినట్టు ఘాటు ముక్కుకెక్కుతుంది. మహా మొండి మొక్క. ఎరువు దండిగా వేస్తే గుండ్రటి ఆకులు పరుచుకుని కూర్చుంటుంది తప్ప పువ్వు ఇవ్వదు. దాని కడుపు కాస్త మాడాలి, అప్పుడు విరగబూస్తుంది. ఈ సంగతి చెప్పిన రోజు బావ పగలబడి నవ్వాడు.

"మీ అక్కా అంతేనే. కడుపు నిండితే పని చెయ్యదు," అని నవ్వుతూనే అక్క నెత్తిన ఒకటి మొట్టాడు.

పోయిన వారం హాల్లో ఒకావిడ ప్లేటులోని పువ్వు విప్పి చూసి కెవ్వుమంది. లోపల పేనుబంక. ఆ పురుగుకి ఈ మొక్కంటే ప్రాణం. ఆవిడ అలా వెళ్లిందో లేదో, బావ లోపలికొచ్చి అక్క కుడి అరచెయ్యి కాలే పెనం మీద పెట్టి నొక్కాడు. పరువు తీసినందుకట! ఆ కట్టు ఇంకా విప్పలేదు. ఇవాళ మధ్యాహ్నం పుట్టినరోజు విందు, హాలు నిండా పిల్లలే. ఒక్క పురుగు కనబడితే అక్కకి రెండో చెయ్యి కూడా దక్కదు. పిట్ట భయమంతా అదే.

పొద్దున గిన్నెలు తోమే ముసలమ్మ మెట్ల దగ్గర ఆపింది. "మీ బావ మేడ మీద మందు కొడుతున్నాడమ్మా. ఇప్పుడు పోకు."

'ఇంత పొద్దున్నేనా!' అనుకుంది పిట్ట. తాగి ఉన్నప్పుడు ఎదురుపడితే ఏమవుతుందో ఆమెకి తెలియనిది కాదు. బావ దిగిపోయి గది తలుపు వేసుకున్నాకే పైకెళ్లింది. పూలు తడితడిగా ఉన్నాయి. మంచు కాబోలనుకుంది. ఏదో ఘాటు తగిలితే, ఈ పూల వాసనే అంత అనుకుంది. ఉప్పునీళ్లలో ముంచి ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఒక్క పురుగు లేదు! పిట్టకి ప్రాణం లేచొచ్చింది.

నీళ్లు వడకట్టిన గట్టి పెరుగులో ఉప్పూ వెల్లుల్లీ కలిపి, అక్క ఎడమచేత్తోనే పూలలో కూరింది. పిట్ట ప్లేట్లు సర్దింది. అంతలో బావ వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, సబ్బు వాసన. కళ్లలో ఎరుపు లేదు, నడకలో తూలుడు లేదు.

పిట్ట నోరు జారింది. "పొద్దున్నే మందు కొట్టావన్నారు?"

"కొట్టాను. నువ్వు కొట్టవు కాబట్టి నేనే కొట్టాను. చూడు, పురుగన్నది ఉందేమో!"

పిట్ట చేతిలోని ప్లేటు నేల మీద పడింది. "మొక్కలకా? బావా, ఇవి తినకూడదు. బయట పిల్లలున్నారు."

"కడిగావుగా. ఏమీ కాదు. పట్టుకెళ్లు."

"పట్టుకెళ్లను."

బావ తనే పళ్లెం ఎత్తబోయాడు. పిట్ట రెండు చేతులతో బల్ల మీదున్నవన్నీ ఊడ్చి కింద పారేసింది. ప్లేట్లు భళ్లున పగిలాయి. బావ ఆమె జుట్టు పిడికిట పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పన్ను విరిగింది. నోరంతా ఉప్పగా రక్తం. నేల మీది పూలు గుప్పెడు ఎత్తి, గాజుపెంకులతో సహా ఆమె పెదాల మీద అదిమాడు.

"విషమా? ఏదీ, తిని చావు, చూద్దాం!"

పిట్ట పళ్లు బిగబట్టింది. వేళ్లు దవడలోకి దిగుతున్నాయి. పొయ్యి దగ్గర అక్క ఉంది. ఇన్నేళ్లూ ఆమె అన్న మాట ఒక్కటే, 'ఊరుకోవే'. ఈసారి ఆ మాట రాలేదు. కట్టు కట్టిన చేత్తోనే ఇనప పెనం ఎత్తి, బావ మోచేతి మీద వేసింది. ఎముక పటుక్కుమంది. అతను అరుస్తూ తిరిగేసరికి మోకాలి చిప్ప మీద రెండోది. కూలబడ్డాడు. పెనం మూడోసారి లేచింది, అతని నెత్తికి సూటిగా.

"చాలక్కా!" అంటూ పిట్ట ఆమె నడుం పట్టుకుంది. "చాలు. నువ్వు జైలుకి పోతే నాకెవరున్నారే?"

పెనం దిగింది. పిట్ట కుళాయి కింద నోరు పెట్టి, రక్తమూ రేకులూ కలిపి పదేపదే ఉమ్మింది. చప్పుడుకి విందుకొచ్చినవాళ్లు గుమ్మంలో మూగారు.

"అయ్యయ్యో, ఏమైందమ్మా?"

అక్క నోట అలవాటైన మాటే వచ్చింది. "మందు... మందు కొట్టాడండీ."

"తాగి పడ్డాడా! పాపం," అన్నాడు ముందున్న పెద్దాయన.

పిట్ట కుళాయి కట్టేసి, మొహం తుడుచుకోకుండానే వాళ్లకేసి తిరిగింది.

"చుక్క కూడా తాగలేదు. కావాలంటే వాసన చూడండి. మందు మొక్కలకి కొట్టాడు. మమ్మల్ని ఊరికే కొట్టాడు."