కంటికి పోసిన పాలు

నాదెండ్ల పక్క పల్లెలో బసవయ్యగారి తల్లి వెంకాయమ్మ మాటకు ఎదురు లేదు. ఆ యేడు మిరపకోతలనాడు ఆవిడ మనవడు అమరయ్యకు కండ్లకలక వచ్చింది. ఆడపిల్లను కన్న తల్లి పాలు పోస్తే మగపిల్లవాడి కళ్ళు తేటపడతాయని ఆవిడ నమ్మకం. కూలీలలో చంటి ఆడపిల్ల తల్లి రూతమ్మ ఒక్కతే.

పూటపూటా రూతమ్మ గొడ్లసావిడి దగ్గర కొబ్బరిచిప్పలోకి పాలు పిండి, గోడమీద పెట్టి, దూరంగా జరగాలి. వెంకాయమ్మ చిప్ప అంచుమీద నీళ్ళు చల్లి, మైల పోయిందనుకొని, లోపలికి తీసుకుపోయేది.

ఇంతలో రూతమ్మ బిడ్డ నిర్మల కళ్ళూ పుసి కట్టి అతుక్కుపోయాయి.

“అమ్మగోరూ, నా బిడ్డకూ కలక తగిలింది. నా రొమ్ముకంతా ఆ పుసే. ఈ పాలు బాబుకు పొయ్యబాకండి. నేను నరసరావుపేట ఆసుపత్రికి పోయొస్తా.”

“ఏందే, పాలు ఎగ్గొట్టడానికి వంకా? కంటికి పాలిచ్చే ఆడది పొలిమేర దాటకూడదు. దాటితే పసివాడి చూపు పోద్ది.”

“మరి నా బిడ్డ చూపో?”

“మట్టిలో పెరిగే పిల్లలు, వాటంతట అవే తగ్గుతయ్యి. ఊరు దాటావంటే నీకూ నీ మొగుడికీ ఇక్కడ పని ఉండదు, చానా జాగర్త.”

రూతమ్మ దాటలేదు. బిడ్డ ఎడమ కంట్లో తెల్లని పొర కమ్మింది. అమరయ్య కళ్ళు తగ్గకపోగా వాచి మూసుకుపోయాయి. అప్పుడు బండి కట్టారు. పొలిమేర సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బండి వెనక కాస్త చోటిమ్మని రూతమ్మ అడిగింది.

“అంటుపిల్లను నా మనవడి పక్కన ఎక్కిస్తావటే?” అంది వెంకాయమ్మ.

బిడ్డ ముఖాన కొంగు కప్పి, నరసరావుపేట దాకా బండి దుమ్ములోనే నడిచింది రూతమ్మ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అమరయ్య కళ్ళు కడిగి, మందు వేసి, గండం గడిచిందని చెప్పింది. కళ్ళలో ఏం పోశారని అడిగింది.

“ఇదిగో, దీని పాలు,” అంటూ వెంకాయమ్మ వరండాలో జనమంతా వినేట్టు గొంతు పెంచింది. “ఇంట్లో రోగం దాచిపెట్టి నా వంశం కళ్ళు తియ్యబోయింది.”

“దాచలేదమ్మా,” అంది రూతమ్మ డాక్టరమ్మతో. “పొయ్యబాకండని చెప్పా. ఇక్కడికి వస్తానన్నా. ఊరు దాటితే పని పీకేస్తానన్నారు.”

“నిజమేనా?” డాక్టరమ్మ తిరిగి చూసింది.

“కూలిదాని మాట మీద నన్ను నిలదీస్తారా?” వెంకాయమ్మ మనవణ్ణి ఎత్తుకొని బండి వైపు నడిచింది.

డాక్టరమ్మ నిర్మల రెప్పలు విప్పి చాలాసేపు చూసింది.

“ఎడమది పోయింది. మొదటే తెచ్చివుంటే దక్కేది. కుడిదాన్ని ఇప్పుడే కడగాలి. బాగా మండుతుంది, పట్టుకో.”

బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. రూతమ్మ ఆ చిన్న తలను రెండు చేతులా బిగించి, కదలనివ్వలేదు.