నలభై ఒకటి, హాజరు

నాకు నత్తి. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. రాతలో లేదు, ఆలోచనలో లేదు, కోపంలో అసలే లేదు; నోట్లో మాత్రమే ఉంది. మనసులో నేను వట్టి వాగుడుకాయని. ఎవరైనా నన్ను "పాపం, ఎంత నెమ్మదస్తురాలో" అన్నారంటే ఒళ్ళు మండిపోతుంది. నేను నెమ్మదస్తురాలిని కానని చెప్పడం పూర్తయ్యేలోపు అన్నవాళ్ళు వీధి చివరికి వెళ్ళిపోతారు. అదీ నా చిక్కు.

అక్షరాలన్నిటిలోనూ 'ప' నాకు ఆగర్భ శత్రువు. పెదాలు మూసుకుంటాయి, ఇక తెరుచుకోవు. మా యూనివర్సిటీలో హాజరు పలకాల్సిన మాటేమో 'ప్రెజెంట్ సార్'. 'ప' చాలదన్నట్టు దానికి ర వత్తు కూడా. నా మీద కక్షకట్టి ఎవరో కూర్చుని కనిపెట్టినట్టు ఉండేది.

గణాంకశాస్త్రం చెప్పే మాస్టారిని మేమంతా చాటుగా ఎక్స్‌ప్రెస్ అంటాం. రిజిస్టరు తెరిచాడంటే తల ఎత్తడు, చిన్న స్టేషన్లలో ఆగడు. "ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి, నలభై రెండు." ఆ నలభై ఒకటి నేను. నా పెదాలు విడేలోపు ఆయన యాభైల్లో ఉండేవాడు.

చెయ్యెత్తొచ్చుగా అంటారు. ఎత్తాను. ఎత్తినట్టు ఆయనకి తెలియాలంటే తలెత్తాలి కదా. ఒకరోజు నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఉండబట్టలేక, "సార్, నలభై ఒకటి వచ్చిందండి, చెయ్యెత్తింది" అంది.

"ఒకరి బదులు ఇంకొకరు పలికితే దాన్ని ప్రాక్సీ అంటారు" అన్నాడు ఎక్స్‌ప్రెస్ రిజిస్టరుతోనే మాట్లాడుతున్నట్టు. "ఎవరి హాజరు వాళ్ళ నోటితోనే. చేతులెత్తడానికి ఇక్కడేమన్నా ఓట్లు లెక్కపెడుతున్నామా?" తన నంబరు కూడా అడిగి, ఆ పూట మా ఇద్దరికీ సున్నాలు చుట్టాడు.

క్లాసు అయ్యాక చెబుదామని వెంటపడ్డాను. "సార్, నేను" అనే దాకా వచ్చేసరికి ఆయన స్కూటరు గేటు దాటింది.

ఇంకో ముచ్చట వినండి. మాది మూడో బెంచీ, నడవ పక్కన. బోర్డు నిండిపోయినప్పుడల్లా ఎక్స్‌ప్రెస్ డస్టరు నా వైపు చాపేవాడు, "అమ్మాయ్, కాస్త తుడువు" అంటూ. లేచి తుడిచేదాన్ని. బోర్డు తుడవడానికి ప్రెజెంట్ సార్ అనక్కర్లేదు. సుద్దపొడి జుట్టు నిండా పడేది. ఇంటికెళ్ళగానే అమ్మ నెత్తి దులిపి, "చదువు బాగా పట్టినట్టుందే" అనేది.

పరీక్షలు దగ్గరపడ్డాక నోటీసుబోర్డు మీద నా నంబరు కనిపించింది. హాజరు చాలనందున పరీక్షకి అనుమతి లేదట. కోర్సువర్కు కింద నేను చేసిచ్చిన సర్వే కూడా దిద్దకుండా వెనక్కి వచ్చింది, హాజరు లేనివాళ్ళ కోర్సువర్కు చూడనక్కర్లేదని పైన ఎర్రసిరా ముక్క రాసి. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సర్వే కోసం నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. బస్టాపుల్లో జనం ఎంతసేపు నిలబడతారు, ఎంతసేపటికి విసిగి ఆటో ఎక్కుతారు, ఇదీ నా విషయం. ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఆపి ప్రశ్నలు అడిగాను, ఈ నోటితోనే. బస్సు రానివాళ్ళకి తొందరేముంది, ఓపిగ్గా విన్నారు. నా జీవితంలో అన్ని మాటలు ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు. ఇప్పుడు అదీ పోయి, ఏడాదీ పోయి, వచ్చే ఏడు మళ్ళీ అదే ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

నా స్నేహితురాలిని మేం లాయరమ్మ అంటాం. చదివేది నాతోపాటు లెక్కలే కానీ, బస్సెక్కితే టికెట్టు వెనకున్న షరతులు కూడా చదివే రకం. చేరినప్పుడు అందరికీ ఇచ్చిన నిబంధనల పుస్తకం మేమైతే కిటికీ కొట్టుకోకుండా అడ్డం పెట్టాం. తనేమో వంటబట్టించుకుంది.

"ఏడుపు తర్వాత చూద్దాం, ముందు విను" అంది నా పక్కన చతికిలబడి. "హాజరు చాల్లేదని ఎవర్నైనా పరీక్షకి ఆపాలంటే ముందు వాళ్ళని పిలిచి, వాళ్ళ మాట వినాలి. వినకుండా ఆపడానికి వీల్లేదు. అది వాళ్ళ దయ కాదే, నీ హక్కు."

"నా మా... మాటా?" అన్నాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

"నీ మాటే. ఇంకోటి, గడువులోపు ఇచ్చిన కోర్సువర్కు దిద్ది తీరాలి. హాజరుకీ దానికీ ముడిపెట్టకూడదు. హాజరంటే క్లాసులో ఉండటం అని రాసుంది. అరవడం అని ఎక్కడా లేదు. అర్జీ పడేద్దాం పద."

అర్జీ పడేశాం. విచారణకి రమ్మని కబురొచ్చింది. తోడుగా ఒక్కరిని తెచ్చుకోవచ్చట. ఆ ముక్క విన్నదే తడవు మా అమ్మ ఒంటికాలి మీద లేచింది.

అమ్మ బట్టలు కుడుతుంది. ఇంట్లో ముందుగదే దుకాణం. కొలతలు సరిచేసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటుంది, ఆవిడ మాట్లాడకుండా ఉండేది ఆ కాసేపే. మిగతా వేళల్లో తన మాటలతోపాటు నా మాటలు కూడా ఆవిడే మాట్లాడుతుంది. నేను 'ప' అని ఆగితే "పాలు కావాలా?" అంటుంది. నేను చెప్పబోయింది పరీక్ష అని. ఆవిడ ఆశగా చూస్తుంటే కాదనలేక తాగేస్తాను. చిన్నప్పటి నుంచీ నేను అడగనివి బోలెడు తిన్నాను, తాగాను.

"నేనొస్తా. ఆ మాస్టారిని కడిగి ఆరేస్తా" అంది అమ్మ, మిషను ఆపి.

"ఆంటీ, మీరు పక్కన కూర్చోవాలంతే. దాని బదులు మీరు పలికితే ప్రాక్సీ అంటాడు ఆయన" అంది లాయరమ్మ.

"కన్నతల్లి నోరిప్పితే ప్రాక్సీ ఏమిటే, విడ్డూరం కాకపోతే. ఇది అక్కడ ఆగిపోతే?"

"ఆ... ఆగుతాను" అన్నాను. "వా... వాళ్ళు కూడా ఆగాలి."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయి మానేసి, మళ్ళీ మిషను తొక్కింది. ఆ రాత్రి నాకు పాలు కావాలా అని కూడా అడగలేదు.

విచారణ గదిలో పొడవాటి బల్ల. పైన మూతలు పెట్టిన మంచినీళ్ళ గ్లాసులు, టకటకమనే ఫ్యాను. బల్లకి అటు కళ్ళజోడు గొలుసుకి వేలాడేసుకున్న డీన్ మేడం, ఏవో కాగితాల మీద వరసగా సంతకాలు పెడుతోంది. ఆమె పక్కన ఎక్స్‌ప్రెస్, తన ఫైల్లో తల దూర్చి. చివర గుమాస్తా. ఇటు గోడవార కుర్చీల్లో నాలాంటివాళ్ళు నలుగురైదుగురం, మా తోడు వచ్చినవాళ్ళు. లాయరమ్మ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

గుమాస్తా గొంతు సవరించుకుని, వచ్చినవాళ్ళ నంబర్లు చదవడం మొదలుపెట్టాడు. "పదహారు." "ప్రెజెంట్." "ఇరవై ఎనిమిది." "ప్రెజెంట్ సార్."

"నలభై ఒకటి."

పెదాలు మూసుకున్నాయి. నాకు తెలుసు, మూసుకుంటాయని. అలవాటైన గోడకే మళ్ళీ నుదురు కొట్టుకున్నట్టయింది.

"నలభై ఒకటి... రాలేదు" అని సున్నా చుట్టాడు గుమాస్తా. "యాభై మూడు."

"చూశారా మేడం" అన్నాడు ఎక్స్‌ప్రెస్, ఫైల్లోంచి తల ఎత్తకుండానే. "క్లాసుకి ఎలాగూ రాదు, తన విచారణకే రాలేదు. ఇలాంటి వాళ్ళకి హక్కులొకటి."

ఆయనకీ నాకూ మధ్య ఒక బల్ల. అంతే.

పక్కన అమ్మ కుర్చీ కిర్రుమంది. చూశాను. ఆవిడ మొహం జేగురించింది, పిడికిళ్ళు బిగుసుకున్నాయి. కానీ పెదాలు గట్టిగా నొక్కిపట్టి ఉన్నాయి, మధ్యలో గుండుసూదులు ఉన్నట్టే. కళ్ళతో నన్ను లే అంది.

లేచాను. కుర్చీ వెనక్కి పడింది. ఆ చప్పుడుకి అందరూ తలెత్తారు, ఎక్స్‌ప్రెస్‌తో సహా. వాళ్ళ 'ప్రెజెంట్'తో నాకేం పని, నాకు నా మాట ఉంది అనిపించింది.

"ఉ..." అన్నాను. "ఉ... ఉ..."

గుమాస్తా సాయం చెయ్యబోయాడు. డీన్ మేడం కలం పైకెత్తి అతన్ని ఆపింది. ఫ్యాను టకటకమంటోంది. నేను తొందరపడలేదు. బస్టాపులో మనుషుల్ని ఆపినట్టే ఆ గదిని ఆపాను.

"ఉన్నాను" అన్నాను. "మీరు రా... రాలేదని రాసుకున్నప్పుడు ఎదురుగానే ఉన్నాను. క్లాసులో కూడా ఇ... ఇలాగే, ఏడాదంతా ఉన్నాను. న... నాకు నత్తి. ఆలస్యంగా పలుకుతాను. ఆ... ఆలస్యంగా పలికినవాళ్ళు లేనట్టు కాదు."

నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. ఒక్క ముక్క కూడా ఎవరూ లాక్కోలేదు.

డీన్ మేడం కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూసి, తర్వాత పక్కకి తిరిగింది. "ఏం మాస్టారూ, ఈ అమ్మాయిని మీరెప్పుడైనా చూశారా?"

ఎక్స్‌ప్రెస్ నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, అబద్ధం ఆడటం రాదు. "రోజూ చూస్తానండి. మూడో బెంచీ. బోర్డు తుడిచే అమ్మాయి కదూ" అన్నాడు. అంటూ ఉండగానే గొంతు సన్నగిల్లింది. "ఈ అమ్మాయే నలభై ఒకటని నాకు తెలీదు."

"రాని అమ్మాయి రోజూ మీ బోర్డు తుడిచిందా?" అంది డీన్ మేడం.

గోడవార కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎక్స్‌ప్రెస్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

అక్కడికక్కడే తేల్చేశారు. హాజరు పూర్తిగా ఉన్నట్టే లెక్క. పరీక్ష రాయొచ్చు. సర్వే దిద్ది మార్కులు వెయ్యాలి. ఇక మీదట హాజరు నోటితోగానీ చేత్తోగానీ ఎలాగైనా చెప్పొచ్చు, పిలిచేవాళ్ళు తలెత్తి మనిషిని చూడాలి. అన్ని డిపార్టుమెంట్లకీ అదే కట్టుబాటు. గుమాస్తా తన కాగితం మీద ఆ సున్నా కొట్టేసి, నా నంబరు ఎదురుగా వచ్చినట్టు దిద్దుకున్నాడు. దిద్దుతూ ఒకసారి నా వంక చూశాడు, తప్పయిపోయిందన్నట్టు.

గుమ్మం దాటామో లేదో అమ్మ నోటికి వేసుకున్న తాళం ఊడిపోయింది. వరండా దద్దరిల్లేలా మాట్లాడింది, లాయరమ్మని వాటేసుకుంది, నా మొహమంతా తడిమింది. నేను "అమ్మా, ప..." అన్నాను.

అమ్మ ఆగింది. నోరు తెరిచి, మూసుకుని, నిలబడింది.

"...పాలు తాగుదామా?" అన్నాను.

ముగ్గురం మెట్ల మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుకున్నాం.

మర్నాడు క్లాసు. ఎక్స్‌ప్రెస్ రిజిస్టరు తెరిచాడు. ఈసారి ఒక్కో నంబరుకీ తలెత్తి చూస్తున్నాడు, మెడ పట్టేసినవాడిలా కష్టపడి. "నలభై" అన్నాడు. తర్వాత ఆగాడు. నా వైపు తిరిగాడు.

"నలభై ఒకటి."

చెయ్యెత్తితే చాలు. అది నా హక్కు, ఇప్పుడు రాసి ఉంది. ఎత్తలేదు. చేతులు రెండూ బెంచీ మీద పెట్టుకుని, ఆ పాత శత్రువునే పిలిచాను. పెదాలు మూసుకున్నాయి. ఆయన కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఎంతసేపు పట్టాలో అంతసేపూ.

"ప్... ప్రెజెంట్ సార్."

"మంచిది" అన్నాడు. అని నలభై రెండుకి వెళ్ళాడు.

పాఠం సగమయ్యేసరికి బోర్డు నిండిపోయింది. అలవాటు కొద్దీ డస్టరు నా వైపు చాపాడు. నేను కదలకుండా ఆయన్నే చూశాను. ఆయన చెయ్యి ఓ క్షణం గాల్లో ఉండిపోయింది, తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఆ రోజు బోర్డు ఆయనే తుడుచుకున్నాడు.