బ్లాకులోకెల్లా చల్లని ఇల్లు

నాలుగో అంతస్తులో, స్లాబు కింద, పగటిపూట పడుకోవడమంటే పొయ్యి మీద మూత పెట్టిన గిన్నెలో పడుకోవడమే. ఆ ఇంటి కోడలికి ఈ సంగతి తెలిసినంత బాగా, ఇళ్ళు కట్టించి ఇచ్చిన హౌసింగ్ ఆఫీసుకి తెలియదు. ఆమె భర్తది ప్రెస్సులో రాత్రి షిఫ్టు, కాగితాలు కోసే మిషను దగ్గర. పగలు నిద్రపోవాలి. స్లాబు పోనివ్వదు. పోయిన నెల పనిలో కునుకు పట్టి, చూపుడువేలి గోరు మిషనుకి సమర్పించుకుని వచ్చాడు. "గోరే కదా" అన్నాడు. అప్పటినుంచి పొద్దున్నే అతను గుమ్మంలోకి రాగానే ఆమె మొహం చూడటం మానేసి చేతులు చూస్తోంది.

అందుకే, బాగా వేడెక్కే ఇళ్ళకి కప్పు మీద చలవ పెయింటు వేస్తామని ఆఫీసు నోటీసు పెట్టగానే మొదటి దరఖాస్తు ఆమెదే అయింది. సర్వేయరు వచ్చి, అగ్గిపెట్టెంత పరికరాన్ని పడకగది గోడకి తగిలించాడు. మూడు రోజులు అదే వేడిని రాసుకుంటుందట. ముప్పై నాలుగు డిగ్రీలు దాటితే పేరు జాబితాకెక్కుతుంది.

"దాటకేం, దాని తాతని కూడా దాటుతుంది" అనుకుని, కోడలు నిశ్చింతగా మధ్యాహ్నాలు కుట్టుపనికి వెళ్ళింది.

వారం తర్వాత కింది అంతస్తు గోడకి అన్ని ఇళ్ళ కొలతలూ అంటించారు. వీళ్ళ ఇంటి నంబరు ఎదురుగా ఇరవై ఏడు డిగ్రీలు. పై అంతస్తు మొత్తంలో చలవ పెయింటు అక్కర్లేని ఇల్లు అదొక్కటే.

"మీ ఇల్లు అంత చల్లగా ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదేం వదినా?" అంది పక్కింటావిడ. "మధ్యాహ్నాలు మా పిల్లల్ని పంపిస్తా, కాస్త పడుకుంటారు."

కోడలు నాలుగంతస్తులూ ఎక్కి వచ్చి అత్తగారి ముందు నిలబడింది. అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడంలోనే సగం సంగతి తెలిసిపోయింది.

"ఆ పరికరాన్ని ముట్టుకోవద్దని చెప్పానా అత్తయ్యా?"

"ముట్టుకుంటే చెయ్యి కాలుతోందే అమ్మాయ్. పాపం, ఎవరి వస్తువో. పాడైతే మన నెత్తికి చుట్టుకుంటుందని నీళ్ళ బిందె పక్కన పళ్ళెంలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ వేశా. రోజూ నువ్వొచ్చేలోపు మళ్ళీ తగిలించేశా కూడానూ."

"మీ అబ్బాయీ ఆ గదిలోనే కదా ఉడుకుతున్నాడు. ఆయన్ని కూడా బిందె పక్కన పెట్టాల్సింది."

"వాడు మనవాడు కదే. అది ఆఫీసుది."

మర్నాడు ఆఫీసులో రెండు కిటికీలు తిరిగి, మూడో కిటికీలో సర్వేయరుని పట్టుకుంది.

"పరికరం అబద్ధం చెప్పదమ్మా" అన్నాడతను.

"అది చెప్పలేదు సార్. మా అత్తయ్య చెప్పించింది. తడిగుడ్డ వేసింది."

అతను ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "తడిగుడ్డకి ఇందులో గడి లేదు. మళ్ళీ కొలవాలంటే వచ్చే వేసవే."

"కొలవొద్దు లెండి. ఈ మధ్యాహ్నం వచ్చి మా ఇంట్లో ఒక్క పావుగంట కూర్చోండి, చాలు."

"ఈ ఎండలోనా?" అన్నాడు సర్వేయరు, నిజంగానే హడలిపోయి.

పెయింటు పని నాలుగు రోజులు సాగింది. కోడలు మేడెక్కి చూస్తే, కప్పంతా తెల్లగా మెరిసిపోతోంది. వీళ్ళ ఇంటి మీది ముక్క మాత్రం సుద్దగీత గీసి మరీ వదిలేశారు. వాళ్ళు అంత శ్రద్ధగా ఇంకే పనీ చేయగా ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రమే సర్వేయరు నాలుగు బకెట్లు మోయించుకుని గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు.

"మిగిలిన పెయింటమ్మా. పక్క బ్లాకు పని వచ్చే నెల. అందాకా ఎక్కడో చోట ఉంచాలి. వేడి తగిలిందంటే గడ్డకట్టేస్తుంది. రికార్డు ప్రకారం బ్లాకులోకెల్లా మీ ఇల్లే చల్లన."

కోడలు అతన్నీ, అతని చొక్కాని తడిపేసిన చెమటనీ, బకెట్లనీ వరసగా చూసింది.

"చెడిపోకుండా చూసుకోవడం మా బాధ్యతేనా సార్?"

"మీదే. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టింది. అతను మెట్లు దిగిపోయాడు. అత్తగారు అప్పటికే గుడ్డ తడిపి పిండుతున్నారు.

"అది వద్దు అత్తయ్యా. పొడుగు చీపురు ఇవ్వండి."

"ఎందుకే?"

"ఈ కొలిమిలో పెడితే గడ్డకడుతుంది. ఆఫీసు సొత్తు. కాపాడాలంటే ముందు ఇల్లు చల్లబడాలి కదా. ఒక బకెట్టు పైన పోస్తే, మిగతా మూడూ కింద క్షేమంగా ఉంటాయి."

అత్తగారు ఆలోచించారు. లోపలి గదిలో కొడుకు అటు దొర్లి, ఇటు దొర్లి, లేచి కూర్చుని, మళ్ళీ పడుకున్న చప్పుడు వినిపించింది. ఇంకో గంటలో డ్యూటీకి బయల్దేరాలి.

ఆవిడ తలుపు మూల నుంచి చీపురు తీసి కోడలి చేతిలో పెట్టి, బకెట్టు రెండోవైపు తనే పట్టుకున్నారు.

"తూర్పు మూల రెండుసార్లు వెయ్యి" అన్నారు మెట్లెక్కుతూ. "వాడి మంచం అక్కడే."