మిగిలిన కూర

అన్నాలయ్యాక గిన్నెలు సర్దడమంటే మా ఇంట్లో గిన్నెలు ఖాళీ చెయ్యడం. అది నా పని. అడుగున రెండు ముద్దల పప్పు, నా భర్త ఏబెల్ వదిలేసిన కోడికూర పులుసు, కూతురు జెన్నిఫర్ కంచంలో సగం పెరుగన్నం, అన్నీ పొయ్యి దగ్గర నిలబడే నోట్లో వేసుకుంటాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి పారబొయ్యబోతే మా అత్త జయశీల చెయ్యి పట్టుకుంది. "దేవునికి స్తోత్రం చెప్పిన అన్నం పారబోస్తవా?" అంది. ఆ స్తోత్రం వాళ్ళు బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుని చెప్తారు. నేను పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతూ ఆమెన్ అంటాను.

ఈ ఏడాది నాకు థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. కారణం మాత్రం మా ఇంట్లో అందరికీ ముందే తెలుసు. "క్యాబేజీ బాగ తింటది, నేను సూస్తనే ఉన్న" అంది అత్త. క్యాబేజీ ఇంట్లో ఎవరికీ సయించదు కాబట్టి మిగిలేది, మిగిలేది కాబట్టి నేను తినేదాన్ని. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి అయిన ఏబెల్ ఇంకొంచెం శాస్త్రీయంగా, "టైముకు తినదు మేడమ్, అన్నీ సల్లటియే తింటది" అని డాక్టరుకు చెప్పాడు. ఫలానా తిండి వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, ఆమెను అనకండి అంది డాక్టరు. ఆ మాట మాతో ఇంటిదాకా రాలేదు.

మెడలో ఇంకా మిగిలిన కణాల కోసం రేడియో అయోడిన్ మందు మింగాలి. దానికి ముందు కొన్నాళ్ళు ఒంట్లోకి అయోడిన్ పోకూడదు. మామూలు ఉప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ బంద్. ఆ కణాలు అయోడిన్ కోసం ఆకలి మీద ఉంటేనే మందును మింగి చస్తాయట. అయోడిన్ లేని ఉప్పు అందరికీ వేస్తే ఒకటే వంటతో పోయేది. "మాకేం రోగం? నీది నువ్వు వేరే వండుకో" అంది అత్త. సరిగ్గా మానని మెడతో రెండు వంటలూ చేశాను. తీసేసిన గ్రంథి బదులు రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర కూడా ఆ మందు కోసం ఆపించారు కదా, ఒళ్ళు ఉబ్బి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, చిన్న మాటకే ఏడుపు. వాళ్ళకు వడ్డించి, వాళ్ళవి సర్దేసరికి నా చిన్న గిన్నెలో కూర చల్లారిపోయేది.

ఇవాళ మందు ఇవ్వాల్సిన రోజు. పరీక్ష కాగితం చూసి డాక్టరు ఆపేసింది.

"ఒంట్లో అయోడిన్ ఎక్కువగా ఉందమ్మా. ఇప్పుడిస్తే మందు పనిచెయ్యదు. పథ్యం మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఏం తిన్నారు?"

నా కూర, నా ఉప్పు తప్ప ఏమీ తినలేదన్నాను. ఏబెల్ నవ్వాడు. "జెర నోరు కట్టుకొమ్మంటే గూడ చాతగాదు మేడమ్ ఈమెకు." పక్కనున్న నర్సు కూడా నవ్వింది. నాకు చచ్చిపోవాలనిపించింది.

ఏం తిన్నానా అని బస్సులో తలచుకుంటూనే ఉన్నాను. పటాన్‌చెరులో దిగేసరికి జవాబు దొరికింది. పెరుగన్నం, పులుసు, పప్పు. వాళ్ళ ఉప్పుతో వండి, గిన్నెల అడుగున మిగిలినవి. అది తినడమని నాకెప్పుడూ అనిపించలేదు. కడిగే ముందు గిన్నె తుడవడం అనుకున్నాను. మెడలో ఆ కణాలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, నా చేత్తో నేనే మేపాను. ఏబెల్‌కు చెప్పాను.

"అంటే తప్పు మాదా? ఇగ మేము కంచాలు నాకి పెట్టాల్నా?" అన్నాడు.

సాయంత్రం బల్ల దగ్గర, "లత గొంతును స్వస్థపరచు తండ్రీ" అని అత్త ప్రార్థన చేసింది. పొయ్యి దగ్గర ఆమెన్ అన్నాను. వాళ్ళ తినడం అయింది. కోడికూర గిన్నె అడుగున కొంచెం మిగిలింది. నేను ముట్టుకోలేదు. ఏం చెయ్యాలో తెలియక ఊరికే దాన్ని చూస్తూ నిలబడ్డాను.

"జెన్నీ, మీ అమ్మ తినొద్దంట. గది నువ్వు ఖతం చెయ్యి బిడ్డా" అంది అత్త.

ఇంటర్ చదివే నా కూతురు, అప్పటికే కడుపునిండా తిన్న పిల్ల, వెంటనే పొయ్యి దగ్గరికి వచ్చింది. నా పక్కన నిలబడే గిన్నెలో చెయ్యి పెట్టింది.

"నువ్వు పరేషాన్ కాకమ్మా, ఇగ రోజూ నేను తింట."

గిన్నె లాక్కున్నాను. చెత్తబుట్టలో బోర్లించాను. వెనక నుంచి అత్త, "స్తోత్రం చెప్పిన కూర!" అని అరిచింది. ఏబెల్ ఏదో అన్నాడు, వినలేదు.

"ఆకలైతే అందరికన్న మొదలు తిను బిడ్డా. మిగిలింది మాత్రం తినకు" అన్నాను.

ఆపరేషన్ తర్వాత నా గొంతులో గాలి తప్ప మాట సరిగ్గా రావడం లేదు. "ఏందమ్మా?" అంది జెన్నీ. మళ్ళీ అన్నాను. బల్ల దగ్గర ఉన్నవాళ్ళకు కూడా వినబడేదాకా అన్నాను.