టోకెన్ లేని కౌంటర్

రెండు బల్లలు దగ్గరికి జరిపి, వాటి మీద పాత దుప్పటి పరిచింది అహల్య. సంచిలోంచి ఇంటి స్టీలు గ్లాసులు తీసి వరసగా పెట్టింది. పెళ్లినాటి గ్లాసులు. అన్నిటి అంచునా భర్త బలరాం పేరు చెక్కి ఉంటుంది. కిటికీలోంచి సుపేలా రోడ్డు మీది ఆటోల మోత గదిలోకి వస్తూనే ఉంది.

ఈ మేడమీది గదిలో ఆవిడ ఏళ్ల తరబడి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతోంది. బ్యాంకులో ఏమనాలి, డాక్టరుతో ఎలా చెప్పుకోవాలి, ఇలాంటివి. ఈ ఏడాది హోటల్ ఉద్యోగాలకు వెళ్లే బ్యాచ్ వచ్చింది. దానితోపాటే కొత్త టీచరుగా వందన వచ్చింది. ఈ ఊళ్లోనే, రిసాలిలో పుట్టి పెరిగి, ఓడమీద బార్‌లో పనిచేసి వచ్చిన పిల్ల. పొట్టిజుట్టు, ఒక చెవికే రింగు. ఆమె క్లాసున్న రోజు విద్యార్థులు ముందే వచ్చి మెట్ల మీద నిలబడతారు. అహల్య క్లాసు రోజున మెట్లు ఖాళీగా ఉంటాయి.

ఇవాళ్టి పాఠం, బార్‌లో తాగడానికి ఎలా అడగాలన్నది. "చెరో సగం చెప్పండి. ఎవరిది బాగుంటే బ్యాచ్ వాళ్లది," అని నిన్ననే అన్నాడు సెంటర్ నడిపే గురునాథరావు.

పొద్దున వంటింట్లోంచే బలరాంని అడిగింది. "బార్లో ఏటని అడుగుతారు?"

"నేను తాగుంటే నీకు తెలీదేటి?" అన్నాడతను టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అందుకని తనకు తెలిసిన కౌంటర్‌నే పాఠం చేసుకుంది. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లిన ఉక్కు ప్లాంటు కేంటీన్.

"ముందు టోకెన్ తీసుకోవాలి," అని మొదలుపెట్టింది.

అనిరుధ్ అనే కుర్రాడు పకపకా నవ్వాడు. "అరే మేడమ్, బార్లో టోకెనేటి! ముందు తాగుతాం, లాస్ట్‌లో పైసలిస్తాం."

గదంతా ఘొల్లుమంది. వందన ఒక్కతే నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"దీదీ, మీరు కస్టమర్ అవ్వండి," అంటూ వందన బల్ల వెనక్కి వచ్చింది. బ్యాగులోంచి మూతున్న స్టీలు షేకర్ తీసింది. "వాట్ వుడ్ యూ లైక్, మేడమ్?"

"ఎనీథింగ్," అంది అహల్య.

"అది మా దగ్గర అయిపోయిందండీ. మీకేటి ఇష్టమో చెప్పండి."

అందరూ చూస్తున్నారు. ఇంట్లో అందరికీ పోయగా గిన్నెలో మిగిలిన టీయే ఆవిడ తాగే టీ. కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

"నిమ్మకాయ సోడా. ఉప్పు ఎక్కువ. పంచదార వద్దు," అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది.

తను తెచ్చుకున్న నిమ్మరసం, ఉప్పు, ఐసు వేసి వందన షేకర్‌ని భుజం దగ్గర ఊపింది. ఎవరూ ఆ మణికట్టు మీంచి చూపు తిప్పలేదు. అహల్య కూడా. బలరాం పేరున్న గ్లాసులోకి వంపి, పైన సోడా పోసి ఇచ్చింది. బాగుంది. బాగుండటమే అహల్యకి నచ్చలేదు.

క్లాసయ్యాక గురునాథరావు వచ్చి, "బ్యాచ్ మీదేనండీ," అన్నాడు. ఆవిడ ముఖం విప్పారేలోపే, "వందన ఇప్పుడే చెప్పింది. ఓడవాళ్లు మళ్లీ పిలిచారట. ఈ సాయంత్రం బండికే వెళ్తోంది," అన్నాడు.

వందన అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఉంది. "వెళ్లొస్తా దీదీ. టోకెన్ మాత్రం వద్దు, హాఁ!"

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"తెలీదు," అని నవ్వి మెట్లు దిగిపోయింది.

ఎప్పుడొస్తావంటే తెలీదని అంత తేలిగ్గా చెప్పగలగడం! కూరలకి వెళ్లినా ఎన్నింటికి వస్తుందో చెప్పి గడప దాటే మనిషి అహల్య. బ్యాచ్ దక్కింది గానీ కడుపులో మంట చల్లారలేదు. ఇప్పుడది ఇంకో చోట అంటుకుంది.

గ్లాసులు సంచిలో సర్దుకుంటుంటే, షేకర్ బల్ల మీదే ఉండిపోయిందని గమనించింది. కిటికీలోంచి చూస్తే వందన ఇంకా ఆటో ఎక్కుతోంది. పిలవబోయి, మానేసింది.

ఆటో కదిలింది. దుప్పటి మీద షేకర్ చుట్టూ తడి గుండ్రంగా పాకుతోంది. దాని అంచున ఎవరి పేరూ చెక్కి లేదు.