ఉన్ని కుక్కిన గంట

లింగప్ప కూతురి జుట్టును నాలుగు పాయలుగా తీసి, వేళ్ళు చకచకా ఆడిస్తూ జడ బిగిస్తున్నాడు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ మూడు పాయల జడే. చిన్నక్కకు మాత్రం నాలుగు. అతనికి తెలిసిన అల్లిక అదొక్కటే. పాలు మరిచిన నాటి నుంచి గొర్రెల వెంట తిరిగినవాడికి వడిసెల తాడు పేనడం తప్ప ఇంకేం వస్తుంది? భార్య పోయిన పదిహేనేళ్ళ నుంచీ ఆ వడిసెల అల్లికే కూతురి తలకెక్కింది. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదరదు. ఆ జడలో రాయి పెట్టి విసిరితే గుట్ట మీది తోడేలు కూడా పారిపోతుందని పొరుగింటి గంగక్క నవ్వేది.

జడ చివర నల్ల ఉన్ని దారం ముడివేస్తుండగా దగ్గు వచ్చింది. మొహం అవతలికి తిప్పుకుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. డొక్కలు రెండూ లోపలికి పీక్కుపోయేలా దగ్గాడు. ఆగాక తువ్వాలు విప్పి చూడకూడదనుకున్నాడు. చూశాడు. గబగబా మడిచి మొలలో దోపుకున్నాడు.

"నాయనా," అంది చిన్నక్క.

ఆమెకు వచ్చిన మాట అదొక్కటే. ఆకలైనా నాయనా, నీళ్ళైనా నాయనా, పిట్ట ఎగిరినా నాయనా. ఇరవై మూడేళ్ళ మనిషి, తండ్రి కంటే జానెడు పొడుగు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ, మాటా తీసుకుపోయింది. మిగిలినది నవ్వు. అది మాత్రం ఎవరికీ లేనంత ఉంది.

ఆమె నడుముకు పేనిన ఉన్ని తాడూ, తాడుకు ఒక ఇత్తడి గంటా ఉన్నాయి. మందలో ముందు నడిచే పొట్టేలుకు కట్టే గంట అది. తొమ్మిదో ఏట గొర్రెల దగ్గర ఆడుకుంటూ ఆడుకుంటూ గుట్టల్లో పడి తప్పిపోయింది. ఆ రోజంతా వెతికితే చీకటి పడే వేళకు ఓ బండ సందులో దొరికింది. మర్నాడే పొట్టేలు మెడలోని గంట విప్పి కూతురికి కట్టాడు. ఎన్ని గంటలు కలిసి మోగినా అతని చెవికి అది వేరుగా వినబడుతుంది. ఎవరితో మాట్లాడుతున్నా, ఏం తింటున్నా ఒక చెవి అటే ఉంటుంది. కాసేపు మోగకపోతే లేచి వెతుకుతాడు.

ఈ రోజు అతను పిడికెడు ఉన్ని తీసుకుని ఆ గంటలో కుక్కాడు. బస్సులో నలుగురూ తిరిగి చూడకూడదు. అసలు విప్పేద్దామనుకున్నాడు గానీ, గంట లేనిదే ఆమె గడప దాటదు.

భయం మాఘమాసంలో మొదలైంది. ఒక రోజు జ్వరంతో వచ్చి, కూతురు బయటికి పోకుండా తలుపు గొళ్ళెం పెట్టి, కంబళి పరుచుకుని పడుకున్నాడు. లేచేసరికి రెండు రోజులు గడిచాయి. గంగక్క వాళ్ళు కరువు పనికి, దూరాన రోడ్డు వేసే చోటికి పోయి అక్కడే ఉన్నారు. చిన్నక్క అతని రొమ్ము మీద తల పెట్టుకుని పడి ఉంది. పెదవులు ఎండి చిట్లిపోయాయి. కంబళి అంచు నమిలి నమిలి ఉంది. సంగటి ముద్ద ఉన్న కుండ చేతికి అందేంత దూరంలోనే ఉంది, మూత తియ్యాలని ఆమెకు తెలియదు. గొళ్ళెం తియ్యాలనీ తెలియదు. ఆ రెండు రోజుల్లో తను చచ్చిపోయి ఉంటే? ఆమె పిలుస్తూనే ఉండేది. చల్లబడ్డ రొమ్ము మీద తల పెట్టుకుని, పిలుస్తూ పిలుస్తూ ఎండిపోయేది.

సర్కారు దవాఖానాలో డాక్టరు వీపు మీద వేళ్ళతో తట్టి చూసి, రెండు పక్కలా ఊపిరితిత్తి చెడిపోయిందన్నాడు. క్షయ రోగుల శానిటోరియానికి చీటీ రాశాడు. ఆర్నెల్లు ఉండాలి, ఒక్కడే పోవాలి, రోగితో ఇంకొకరిని రానివ్వరు. ఆ చీటీని లింగప్ప చూరులో దోపాడు. తర్వాత కాంపౌండరు నారాయణప్ప దగ్గరికి నాలుగు సార్లు పోయాడు, మందు కోసం కాదు. కూతురిలాంటి వాళ్ళను పెట్టుకునే చోటు ఏదైనా ఉందేమోనని. ఉంది. రాయదుర్గం దాటి బస్సులో ఇంకో గంట పోతే ఒక సర్కారు ఆశ్రమం. నారాయణప్ప మంచివాడే, కాగితం తెప్పించి మరీ చదివి చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఒక రూలు, దాటిన వాళ్ళకు ఒక రూలు. దాటిన వాళ్ళలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళనే చేర్చుకుంటారు.

"నువ్వు ఉండావు గదప్పా. కన్నోడు బతికుండంగ సర్కారు భారం మోయదు," అన్నాడు నారాయణప్ప. "నువ్వు పోయినాక తీస్కపోతే చేర్చుకుంటారు."

"నేను పోయినాక ఎవురు తీస్కపోతారు సామీ?"

నారాయణప్ప సీసాలు సర్దుకున్నాడు. ఆ కాగితం రాసినవాళ్ళకు ఈ ప్రశ్న తట్టినట్టు లేదు. లింగప్పకు మాత్రం ఒక్కటి అర్థమైంది. కూతురి విషయంలో తను చేస్తున్న తప్పల్లా బతికి ఉండటమే.

అందుకే ఈ రోజు మందను గంగక్క మొగుడికి అప్పగించి, చెల్లెలి ఊరికి పోతున్నామని చెప్పి బయలుదేరాడు. బస్సులో చిన్నక్కకు కిటికీ పక్కన చోటిచ్చాడు. వెనక్కి పరుగెత్తే తుమ్మచెట్లను చూసి ఆమె నవ్వుతూనే ఉంది. ఎవరైనా తెలిసినవాళ్ళు ఎక్కుతారేమోనని అతను ప్రతి స్టాపులోనూ తల వంచుకున్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గును మింగాడు. చెప్పవలసిన అబద్ధాన్ని లోపల్లోపల వల్లె వేసుకున్నాడు. ఈమె ఎవరో తనకు తెలియదు. సంత కాడ కనబడింది. జాలి వేసి తీసుకొచ్చాడు. అంతే, నాలుగు ముక్కలు. ఈ రోజుకు ముందు బతుకులో ఒక్క గొర్రెపిల్ల విషయంలో కూడా అబద్ధమాడి ఎరుగడు.

బస్సు దిగి మట్టిదారిన అర్ధగంట నడిచారు. దూరంగా సున్నం కొట్టిన ప్రహరీ కనబడింది. అప్పుడు చిన్నక్క రెండడుగులు ముందుకు పోయింది, వీపు మీద జడ ఊగింది. లింగప్ప కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. ఆముదం రాసి నున్నగా దువ్విన తల. తాడులా బిగించిన జడ. ఉతికిన రవిక. దిక్కులేని పిల్ల అని చెప్పబోతూ, పొద్దున్నే కూర్చుని పెళ్ళికి పంపుతున్నట్టు ముస్తాబు చేశాడు! పదిహేనేళ్ళ అలవాటు చేతులది. ఆ చేతులకు ఈ రోజు సంగతి ఎవరూ చెప్పలేదు.

దారి పక్క పాతిన ఒక రాతి కూసం పక్కన ఆమెను కూర్చోబెట్టాడు. ఉన్ని దారం విప్పాడు, జడ విప్పాడు, నాలుగు పాయలనూ వేళ్ళతో చిందరవందర చేశాడు. దోసిట్లో మట్టి తీసుకుని తల మీద పోశాడు. అదేదో కొత్త ఆట అనుకుని చిన్నక్క కిలకిల నవ్వి, తనూ గుప్పెడు మట్టి తీసి తండ్రి తల మీద వేసింది. అతనికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఆమె రవిక భుజం దగ్గర కాస్త చింపాడు. ఆఖరికి నడుము తాడు విప్పి, గంటను కంబళి మడతలో దాచాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. కుడి చెయ్యి నడుము దగ్గర తడుముకుంటూ ఉండిపోయింది.

ఆశ్రమం చూసే ఆమె పేరు రాహేలమ్మ. యాభై దాటిన మనిషి. తెల్లచీర, చేతికి గడియారం. వరండాలో బల్ల వేసుకుని లావుపాటి పుస్తకం ముందు పెట్టుకుని ఉంది. లింగప్ప చేతులు కట్టుకుని దూరంగా నిలబడి తన నాలుగు ముక్కలూ చెప్పాడు. అనుకున్నదాని కంటే గొంతు నిలకడగానే వచ్చింది. ఆమె కలం తీసి తేదీ రాసింది. పేరేమిటో తెలుసా అని అడిగింది. తెలియదన్నాడు.

"నాయనా," అంది చిన్నక్క.

కలం ఆగింది. చిన్నక్క మళ్ళీ పిలిచింది, ఈసారి లింగప్ప పంచె కొస పట్టుకుని.

"దావ పొడుగునా అట్లే పిల్చుకుంటా వచ్చిందమ్మా. కనబడినోళ్ళనల్లా అట్లే అంటాదేమో," అన్నాడు. ఆ మాట అన్న నోటిని కోసేసుకోవాలనిపించింది. పంచె కొసను మాత్రం లాక్కోలేకపోయాడు.

రాహేలమ్మ లేచి వచ్చింది. చిన్నక్క గడ్డం పట్టుకుని మొహం చూసింది. గోళ్ళు చూసింది. తల మీది మట్టి దులిపి, రెండు చేతులతో జుట్టు పాయలు తీసి లోపల చూసింది, చాలాసేపు చూసింది.

"సంతలో దిక్కులేక తిరిగే పిల్ల తలలో ఒక్క పేను లేదే," అంది నెమ్మదిగా.

ఇంటికి తీసుకుపో అంటుంది. ఇప్పుడే అనబోతోంది. మళ్ళీ ఆ గుడిసె, ఆ గొళ్ళెం, మూత తియ్యని కుండ. అప్పుడే, రాకూడని వేళ, లింగప్పకు దగ్గు వచ్చింది. వరండా స్తంభం పట్టుకుని వంగిపోయాడు. తువ్వాలు తియ్యడానికి కూడా వ్యవధి లేకపోయింది. అరచేతిలో ఉన్నది పంచెకు తుడుచుకునే లోపు రాహేలమ్మ చూసింది. ఆమె రోజూ రోగుల మధ్య తిరిగే మనిషి, ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

పోయి కుర్చీలో కూర్చుంది. పుస్తకంలో ఏదో రాసింది. ఆయా వచ్చి చిన్నక్క చెయ్యి పట్టుకుంది. ఇక నువ్వు పోవచ్చని రాహేలమ్మ లింగప్పకు చెప్పింది.

అతను పంచె కొసను కూతురి వేళ్ళ నుంచి ఒక్కొక్క వేలే విడిపించుకున్నాడు. మెట్లు దిగాడు. నాలుగడుగులు వేశాడు. ఏమీ కానివాడు అలాగే పోతాడు. కానీ మధ్యాహ్నం వీళ్ళు సంగటి పెడతారు. అందరికీ పెట్టినట్టే పెడతారు. ఆ ఊహ రాగానే ఇంతసేపూ పడ్డ భయమంతా చిన్నదైపోయింది. వెనక్కి తిరిగాడు.

"అమ్మా, సంగటి కుడి దవడలో పెట్టల్లమ్మా. ఎడమపక్క పెడితే మింగలేదు, గొంతుకు అడ్డం పడతాది."

అనేశాక తెలిసింది, ఏం అనేశాడో. రాహేలమ్మ తల ఎత్తలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని ఆ మాట రాసుకుంది.

"ఇంకా చెప్పు," అంది.

లింగప్ప చెప్పాడు. ఉరుము అంటే బెదురు, దగ్గరికి తీసుకుని వీపు రాయాలి. చన్నీళ్ళు పోస్తే బిగుసుకుపోతుంది. నెల నెలా గంగక్క చూసుకునేది, ఆ రోజుల్లో ఆడమనిషి తోడు ఉండాలి. ఎడమ కాలి మడమ ఒరుసుకుని పుండు పడుతుంది, ఆముదం రాయాలి. తలుపు వేసి ఒంటరిగా మాత్రం పెట్టొద్దు. అతను చెబుతున్నంతసేపూ ఆమె రాస్తూనే ఉంది. కాగితం అటూ ఇటూ నిండింది.

"పేరు?"

"చిన్నక్క."

రాహేలమ్మ పెద్ద పుస్తకంలో పేరు రాసింది. తండ్రి పేరు దగ్గర ఒక గీత గీసింది.

"పైనుంచి వచ్చి విచారించేవాళ్ళుంటారప్పా. నువ్వు మళ్ళీ ఈ పక్కకు రావద్దు," అంది. పుస్తకం మూసి, "పేన్లు పట్టనీయను," అంది.

అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. గేటు దాటేదాకా వెనక నుంచి ఆ ఒక్క మాటే వినబడింది. మొదట పిలిచినట్టు, తర్వాత అడిగినట్టు, ఆ తర్వాత అరిచినట్టు. అతను తిరిగి చూడలేదు. చూస్తే రేపు ఆమెకు చోటు ఉండదు.

సాయంత్రం ఊరు చేరేసరికి మందలు తిరిగి వస్తున్నాయి. చిన్నక్క యాడ అని గంగక్క అడిగింది. చెల్లెలింట్లో విడిచిపెట్టి వచ్చానన్నాడు. ఈ అబద్ధం ఆశ్రమంలో ఆడినంత కష్టం కాలేదు. ఆమె ఇంకేదో అడుగుతోంది గానీ అతను వినడం లేదు. మంద గంటలన్నీ కలిసి మోగుతూ వీధిలోకి వస్తున్నాయి. వాటిలో ఒకదాని కోసం చెవి దానంతటదే వెతుక్కుంటోంది.

గుడిసెలోకి పోయాడు. తలుపు వేసి, గొళ్ళెం దగ్గర చెయ్యి పెట్టాడు. ఇక పెట్టనక్కరలేదు. ఇక ఈ గుడిసెలో తను ఏ రోజు పోయినా ఫరవాలేదు. మాఘమాసం తర్వాత మొదటిసారి చచ్చిపోవడానికి భయం వెయ్యలేదు. వేసింది వేరే భయం, గంట మోగని ఇంట్లో బతికి ఉండాలన్న భయం. కంబళి విప్పి గంట తీశాడు. చిన్నక్క ఆనుకుని కూర్చునే గుంజకు, ఆమె నడుమంత ఎత్తులో, ఆ తాడుతోనే కట్టాడు.

తలుపు సందులోంచి గాలి వచ్చి గంట ఊగింది. లోపల కుక్కిన ఉన్ని అలాగే ఉంది.